టెస్ట్ ఫెయిలైతే దాన్ని ఎవరు చూస్తారు? సెలీనియం, సైప్రెస్, ప్లేరైట్‌లలో మీకు ఏది సరిపోతుంది

సంక్రాంతికి ఇంకా వారం ఉంది. పూతరేకులు, కాజాలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న వ్యాపారి సైటును అప్పట్లో మా టీమే చూసేది. పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు. "ఏవండీ, డబ్బులు కట్టే బటన్ నొక్కుతుంటే వాట్సాప్ తెరుచుకుంటోందంటండి. ఇప్పటికి నలుగురు చెప్పారు." మనిషి బదులు బ్రౌజర్‌లో బటన్లు నొక్కి సైటును పరీక్షించే సెలీనియం అనే టూల్‌తో మా టెస్టులు రోజూ రాత్రి నడిచేవి. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆ రిపోర్టు చూశాను. అన్నీ ఆకుపచ్చే. ఆర్డర్ పెట్టే టెస్టు కూడా పాసయింది.

ఆఫీసులో ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాంట్లో సైటు తెరిచాను. 360 పిక్సెళ్ళ వెడల్పున్న ఆ స్క్రీన్ మీద, కింద కుడివైపు తేలుతూ ఉండే వాట్సాప్ బొమ్మ సరిగ్గా 'డబ్బు చెల్లించండి' బటన్ మీదికొచ్చి కూర్చుంది. మరి అదే వెడల్పులో నడిచే మా టెస్టు ఎలా పాసయింది? పాత మార్పులు తిరగేస్తే తెలిసింది. రెండు నెలల కిందట ఈ టెస్టు ఫెయిలైంది. నువ్వు నొక్కాలనుకున్న బటన్ మీద ఇంకేదో ఉంది, నొక్కు దానికి తగులుతోంది అని సెలీనియం స్పష్టంగానే చెప్పింది. రిలీజ్ హడావిడిలో మాలో ఒకరు మామూలు క్లిక్ తీసేసి, జావాస్క్రిప్ట్‌తో క్లిక్ చేయించే లైను పెట్టారు. ఆ క్లిక్‌కి బటన్ మీద ఏముందో పట్టదు, నేరుగా బటన్‌కే వెళ్తుంది. టెస్టు ఆకుపచ్చగా మారింది, తప్పు మాత్రం సైటులోనే ఉండిపోయింది.

ఇది సెలీనియం లోపం కాదు. ఇలాంటివే ఇంకో రెండు టూల్స్ సైప్రెస్, ప్లేరైట్. వాటిలోనూ 'ఫోర్స్' అని ఒక ఆప్షన్ ఉంది. అది పెడితే సైప్రెస్‌లోనూ ఇదే జరుగుతుంది, ప్లేరైట్ కూడా బటన్ మీద ఏముందో చూడటం మానేస్తుంది. మూడు టూల్సూ బటన్ కప్పబడిపోయిందని చెప్పగలవు. చెప్పినప్పుడు ఆగి చూసే మనిషి కావాలి.

అందుకే ఎవరైనా 'సెలీనియమా, సైప్రెసా, ప్లేరైటా' అని అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: టెస్టు ఫెయిలైతే దాన్ని ఎవరు చూస్తారు? ఆ మనిషికి ఏ భాష వచ్చు, రోజుకి ఎంతసేపు దీనికి ఇవ్వగలడు, కారణం పట్టుకోవడానికి ఆ టూల్ అతనికి ఎంత సాయం చేస్తుంది? వీటికి జవాబు దొరికితే టూల్ ఏదో దాదాపు దానంతట అదే తేలిపోతుంది. ఏది వేగం, ఏది కొత్తది అన్న చర్చంతా ఆ తర్వాతే.

అసలు టూల్ కావాలా?

ఐదారు పేజీల సైటు, నెలకో రెండు నెలలకో ఒక మార్పు. దీనికి ఆటోమేషన్, అంటే టూల్‌తో టెస్టులు నడిపించడం, వద్దు. ఒక కాగితం మీద ఇరవై పాయింట్లు రాసుకుని, రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని అరగంట కూర్చుంటే సరిపోతుంది. ఆ అరగంట నిజంగా కూర్చోవాలి, అంతే.

వారానికో రిలీజ్ ఉండి, ప్రతిసారీ లాగిన్, వెతకడం, కార్ట్, పేమెంట్ అని అదే దారి చేత్తో నడవాల్సి వస్తుంటే అప్పుడు ఆటోమేషన్ గురించి ఆలోచించండి. నాలుగోసారికి మనిషి కన్ను అలసిపోతుంది, చూడకుండానే టిక్ పెట్టేస్తాం. మెషీన్‌కి ఆ అలసట లేదు. ఇంకా డిజైన్ రోజూ మారుతున్న కొత్త ఫీచర్‌కి మాత్రం తొందరపడొద్దు, రాసిన టెస్టు వారం తిరక్కుండా పనికిరాకుండా పోతుంది.

ఓటీపీ, క్యాప్చా దగ్గర చాలామంది రోజులు పోగొట్టుకుంటారు. క్యాప్చా ఉన్నదే మెషీన్‌ని ఆపడానికి, దాన్ని మెషీన్‌తో దాటించాలని చూడటం దండగ. టెస్టింగ్ సర్వర్‌లో దాన్ని ఆపేయమని డెవలపర్లని అడగండి. ఓటీపీకి ఒక టెస్ట్ నంబరు, దానికి మారని కోడ్ పెట్టించుకోండి, అవి ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడే అసలు సైటులో, పనిచేయకుండా కూడా చూసుకోండి. పేమెంట్ గేట్‌వేలు టెస్ట్ మోడ్ ఇస్తాయి, అసలు డబ్బు కదలకుండా 'సక్సెస్', 'ఫెయిల్' రెండూ నడిపి చూడొచ్చు. ఫెయిల్ దారిని తప్పకుండా నడపండి. డబ్బు కట్ అయింది, ఆర్డర్ రాలేదు అనే ఫోన్ కాల్‌కి మించిన టెన్షన్ వ్యాపారికి ఇంకోటి లేదు.

ఇక మూడు టూల్స్

సెలీనియం అన్నిటికంటే పాతది. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ అనే కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లో అప్పటి టెస్టర్లు క్యూటీపీ అనే టెస్టింగ్ టూల్ నేర్చుకునేవారు, దాన్ని తెచ్చిన కంపెనీ పేరు మెర్క్యురీ, అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అన్న మాట మీదే ఈ పేరు పెట్టారంటారు. తర్వాత అమీర్‌పేటలో క్యూటీపీ బోర్డుల పక్కనే సెలీనియం బోర్డులు వచ్చాయి. ఇప్పటికీ 'టెస్టింగ్ నేర్చుకుంటున్నా' అంటే చాలామంది ఉద్దేశం సెలీనియం విత్ జావానే.

దాని పెద్ద బలం, అది ఒక ప్రమాణం మీద నిలబడి ఉంది. బయటి ప్రోగ్రామ్ బ్రౌజర్‌ని నడిపే పద్ధతి పేరు వెబ్‌డ్రైవర్. వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని 2018 జూన్‌లో అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ తయారుచేసేవాళ్ళే తమ డ్రైవర్లు ఇస్తారు. అంటే మీరు నడిపేది జనం వాడే అసలు బ్రౌజర్‌నే. జావా, పైథాన్, సీ షార్ప్, రూబీ, జావాస్క్రిప్ట్ ఏదైనా సరే. మొబైల్ యాప్‌ల టెస్టింగ్‌కి వాడే ఆపియం కూడా ఈ ప్రోటోకాల్ మీదే నడుస్తుంది కాబట్టి, ఇక్కడ నేర్చుకున్నది అక్కడా పనికొస్తుంది. క్రోమ్ అప్‌డేట్ అయినప్పుడల్లా డ్రైవర్ వెతుక్కుని దించుకునే బాధ కూడా 4.6 వెర్షన్ నుంచి తగ్గింది, సెలీనియం మేనేజరే ఆ పని చూసుకుంటుంది.

బలహీనత ఆగడంలో ఉంది. దీన్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే మూడు టూల్స్ మధ్య అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది.

కార్ట్‌లో ఒక వస్తువు వేయగానే పైన బుట్ట గుర్తు పక్కన '1' రావాలి. సర్వర్ జవాబుకి ఒకసారి 300 మిల్లీసెకన్లు పడుతుంది, ఇంకోసారి 3 సెకన్లు. సెలీనియంకి మీరేమీ చెప్పకపోతే అది ఎదురుచూడదు. ఆ క్షణంలో '1' లేకపోతే ఫెయిల్. కొత్తవాళ్ళు వెంటనే చేసే పని 'థ్రెడ్ స్లీప్ 5000' అని పెట్టడం. అంటే పని అయినా కాకపోయినా 5 సెకన్లు ఊరికే కూర్చో అని. ఒక్కో టెస్టులో ఇలాంటివి నాలుగు ఉండి, టెస్టులు 100 ఉంటే, 2000 సెకన్లు. అరగంట పైనే ఏమీ చేయకుండా పోయింది. ఇంత కూర్చున్నా, ఒక రాత్రి సర్వర్‌కి 6 సెకన్లు పట్టిందంటే టెస్టు ఫెయిలే. తెల్లారి లేచి చూసినవాళ్ళు 'అది అప్పుడప్పుడూ అలాగే అంటుందిలే, మళ్ళీ రన్ చెయ్' అంటారు. ఈ మాట టీమ్‌లో ఒకసారి అలవాటైందంటే, నిజమైన తప్పు దొరికిన రోజు కూడా అదే మాట వినిపిస్తుంది. మా వాట్సాప్ బొమ్మ కథ మొదలైంది ఇలాంటి వాతావరణంలోనే.

సెలీనియంలో దీనికి సరైన మందు ఉంది. ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ అంటారు. '1' కనిపించేదాకా ఆగు, 10 సెకన్లు దాటితే వదిలెయ్ అని చెప్పొచ్చు. కానీ ప్రతిచోటా మీరే గుర్తుపెట్టుకుని రాయాలి. అనుభవమున్న టీమ్ రాస్తుంది. అనుభవం లేని టీమ్ స్లీప్ పెడుతుంది.

సైప్రెస్, ప్లేరైట్ ఈ ఆగడాన్ని తమ మీదే వేసుకున్నాయి. మీరేమీ మార్చకపోతే సైప్రెస్ ఒక్కో కమాండ్‌కి 4 సెకన్ల దాకా మళ్ళీ మళ్ళీ చూస్తుంది. ప్లేరైట్‌లో 'ఇది కనిపించాలి' అని రాస్తే 5 సెకన్ల దాకా చూస్తుంది. అరసెకనుకే వస్తే అరసెకనుకే ముందుకెళ్తుంది. ఇక ప్లేరైట్ క్లిక్ చేసేముందు ఆ బటన్ కనిపిస్తోందా, కదలకుండా నిలబడిందా, నొక్కడానికి వీలుగా ఉందా, నొక్కు నిజంగా దానికే తగులుతుందా అని వరసగా చూసుకుంటుంది. మీరు ఫోర్స్ పెట్టనంతవరకు.

సైప్రెస్ దారి వేరు. బయటినుంచి బ్రౌజర్‌కి ఆజ్ఞలివ్వకుండా, మీ సైటుతో పాటే బ్రౌజర్ లోపల నడుస్తుంది. అందువల్ల డెవలపర్‌కి అది తన ఇంట్లో పనిలా ఉంటుంది. ఎడమవైపు ఒక్కో అడుగు వరసగా కనిపిస్తుంది, దేనిమీద మౌస్ పెడితే ఆ క్షణంలో పేజీ ఎలా ఉందో కుడివైపు చూపిస్తుంది. టెస్టు కోడ్ సేవ్ చేయగానే ఆ టెస్టు మళ్ళీ నడుస్తుంది. రియాక్ట్‌తో సైటు కోడ్ రాసే అబ్బాయే టెస్టులు కూడా రాసే టీమ్‌లో దీన్ని ఇష్టపడనివాళ్ళని నేను చూడలేదు.

కానీ లోపల ఉండటానికి ఖరీదు ఉంది. రెండో ట్యాబ్‌ని అది సొంతంగా నడపలేదు. ఒకే టెస్టులో ఒక డొమైన్ నుంచి ఇంకో డొమైన్‌కి వెళ్ళాలంటే ప్రత్యేకంగా రాయాలి. వేరే డొమైన్ నుంచి వచ్చే ఐఫ్రేమ్‌లో, అంటే పేజీ లోపల ఇంకో పేజీని చూపించే గడిలో, పేమెంట్ ఫారం ఉంటే తంటాలు పడాలి. మన దగ్గర ఆన్‌లైన్ చెల్లింపులు చాలావరకు గేట్‌వే మీదుగా వెళ్ళేవే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. భాష జావాస్క్రిప్ట్ లేదా టైప్‌స్క్రిప్ట్ మాత్రమే. సఫారీ వైపు మద్దతు ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. టెస్టుల్ని నాలుగు మెషీన్లకి పంచి ఒకేసారి నడిపించాలంటే వాళ్ళ క్లౌడ్ సర్వీసు మీద ఆధారపడాలి. అది వద్దనుకుంటే మీరే ఏదో అమర్చుకోవాలి.

ప్లేరైట్‌ని 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది, అంతకుముందు గూగుల్‌లో క్రోమ్‌ని నడిపే పపెటీర్ అనే టూల్ మీద పనిచేసినవాళ్ళే దీన్ని మొదలుపెట్టారు. టైప్‌స్క్రిప్ట్, పైథాన్, జావా, డాట్‌నెట్‌లలో రాయొచ్చు. ఒకే టెస్టులో ఇద్దరు మనుషుల్ని నడపొచ్చు. కస్టమర్‌గా ఒక విండోలో ఆర్డర్ పెట్టి, షాపు ఓనర్‌గా ఇంకో విండోలో ఆ ఆర్డర్ వచ్చిందా అని చూడొచ్చు, ఒకరి లాగిన్ ఇంకొకరికి అంటదు. ఐఫ్రేమ్‌లు, కొత్త ట్యాబ్‌లు అడ్డంకి కావు. పక్కపక్కన నడపడానికి డబ్బు కట్టక్కర్లేదు.

నాకు దీంట్లో అన్నిటికన్నా విలువైనది ట్రేస్ వ్యూయర్. రాత్రి సర్వర్ మీద ఫెయిలైన టెస్టుకి ఒక ఫైల్ మిగుల్తుంది. పొద్దున దాన్ని తెరిస్తే ఒక్కో అడుగులో పేజీ ఎలా ఉంది, ఏ రిక్వెస్ట్ వెళ్ళింది, సర్వర్ ఏం జవాబిచ్చింది, కన్సోల్‌లో ఏ ఎర్రర్ వచ్చింది అన్నీ కనిపిస్తాయి. 'నా మెషీన్‌లో బాగానే ఉంది' అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. ఆ ఫైలే డెవలపర్‌కి పంపిస్తే అతను టెస్టు నడపకుండానే కారణం చూడగలడు. ట్రేస్ దానంతట అది రాదు, సెట్టింగ్స్‌లో పెట్టుకోవాలి. మొదటిరోజే పెట్టుకోండి.

ప్లేరైట్ గురించి చెప్పాల్సిన నిజాలు ఇంకొన్ని ఉన్నాయి. సఫారీ కోసం అది నడిపేది సఫారీ లోపలి ఇంజిన్ అయిన వెబ్‌కిట్‌ని, ఐఫోన్‌లో ఉన్న సఫారీని కాదు. దగ్గరి చుట్టమే కానీ అదే మనిషి కాదు. టెస్టుల్ని నడిపించి ఫలితం చెప్పే దాని సొంత టెస్ట్ రన్నర్ టైప్‌స్క్రిప్ట్, జావాస్క్రిప్ట్‌లకే. పైథాన్‌లో పైటెస్ట్‌తో, జావాలో జేయూనిట్ లేదా టెస్ట్‌ఎన్‌జీతో కలుపుకోవాలి. 'నాలుగు భాషల్లో ఒకేలా ఉంటుంది' అనుకుని జావాలో దిగినవాళ్ళకి ట్యుటోరియల్‌లో చూసిన సౌకర్యాలు కొన్ని కనపడవు.

తెలుగు రాసే సైటైతే ఇవి చేత్తోనే చూడండి

ఏ టూల్ ఎంచుకున్నా మన భాష తెచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో ఇవి దొరకవు.

'వెంకటలక్ష్మి' అన్న పేరు తీసుకోండి. మనకి ఐదక్షరాలు. కంప్యూటర్ లెక్కలో వత్తులు, గుణింతాలు, సున్నా విడివిడిగా కలిపి 12. గిఫ్ట్ ప్యాకెట్ మీద పేరు 10 అక్షరాలు మించకూడదని డెవలపర్ పరిమితి పెడితే, ప్యాకెట్ మీద 'వెంకటలక్ష్' అని పడుతుంది. 'రమ'తో, 'రాజు'తో టెస్టు రాస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. ఎస్సెమ్మెస్‌దీ ఇదే కథ. ఇంగ్లీష్‌లో 160 అక్షరాలు పట్టే ఒక మెసేజ్‌లో తెలుగు 70 పడతాయి. ఆర్డర్ మెసేజ్ తెలుగులోకి మార్చగానే బిల్లు ఎందుకు పెరిగిందో ఇక్కడ తెలుస్తుంది.

ఇంకోటి కంటికి కనిపించదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు 'ట్' పక్కన 'వే' విడిగా నిలబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం ఉంటుంది. పేజీలో అది ఉండి, మీ టెస్టులో లేకపోతే 'ఈ మాట పేజీలో లేదు' అని టూల్ ఫెయిల్ చేస్తుంది. స్క్రీన్ మీద వెతుకుతున్న మాట కళ్ళెదురుగా ఉన్నట్టే ఉంటుంది. నేను ఒక మధ్యాహ్నమంతా దీనికి పోగొట్టుకున్నాను. అప్పట్నుంచి తెలుగు బటన్లని మాటతో వెతకను, డెవలపర్ని అడిగి ఒక టెస్ట్ ఐడీ పెట్టించుకుంటాను. మాట సరిగ్గా ఉందో లేదో చూడటానికి వేరే టెస్టు రాస్తాను. ఈ కనిపించని అక్షరాన్ని తక్కువ చేసి చూడొద్దు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ని ఈ అక్షరం మధ్యలో పెట్టి ఒక వరసలో పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 తెచ్చి సరిచేసింది.

పేర్ల ఫారం దగ్గర ఇంటిపేరు గడిలో ఒకే ఒక్క అక్షరం వేసి చూడండి. మనలో ఇంటిపేరుని 'కె.', 'పి.' అని రాసుకునేవాళ్ళు ఎంతమందో. 'కనీసం రెండు అక్షరాలు ఉండాలి' అని ఫారం ఆపేస్తే ఆ మనిషి ఏంచేయాలి?

ఇక టైపింగ్. ఫోన్లో 'lakshmi' అని కొడితే కీబోర్డు 'లక్ష్మి' అని మారుస్తుంది. మధ్యలో ఆ మాట ఇంకా తేలకుండా వేలాడుతుంటుంది. ఒక్కో అక్షరానికీ వెతికే సెర్చ్ బాక్సులు ఇక్కడ గందరగోళపడతాయి. టూల్స్ అక్షరాల్ని నేరుగా గడిలో పెట్టేస్తాయి కాబట్టి ఇది వాటికి దొరకదు. చేతిలో ఫోన్ పట్టుకుని, వేలితో కొట్టి చూడాల్సిందే.

ఫోన్ల విషయంలోనూ ఇంతే. క్రోమ్‌లో కనిపించే మొబైల్ వ్యూ స్క్రీన్ సైజునే చూపిస్తుంది. పాత ఫోన్ నెమ్మది, కీబోర్డు లేచినప్పుడు సగం మూసుకుపోయే పేజీ, ఎండలో కనపడని లేత రంగు అందులో సరిగ్గా తెలియవు. డివైస్ క్లౌడ్ సర్వీసులు అద్దెకి అసలు ఫోన్లు ఇస్తాయి, కస్టమర్లు ఎక్కువగా ఉన్న కంపెనీకి అవి తప్పవు. చిన్న టీమ్ మాత్రం ముందు రెండు ఫోన్లు కొనుక్కోవాలి. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఒకటి, సెకండ్ హ్యాండ్ ఐఫోన్ ఒకటి.

మీ పరిస్థితిని బట్టి

ఇప్పటికే వందల సెలీనియం టెస్టులుండి, అవి నమ్మకంగా నడుస్తుంటే మార్చకండి. స్లీపులు తీసి సరైన వెయిట్లు పెట్టడానికి ఒక నెల కేటాయించండి, సగం బాధ పోతుంది. మీ దగ్గర మొబైల్ యాప్ కూడా ఉండి, టీమ్ జావా టీమ్ అయితే సెలీనియం, ఆపియం కలిపి ఉంచుకోవడమే తెలివైన పని. పాతదాన్నంతా తిరగరాస్తామని మొదలుపెట్టి, ఆరునెలల తర్వాత రెండు టూల్సూ సగం సగం మిగిలిన టీమ్‌లని చూశాను. అది అన్నిటికంటే అధ్వాన్నం.

డెవలపర్లే టెస్టులు రాస్తారు, సైటంతా ఒకే డొమైన్‌లో ఉంది, లాగిన్ వెనకున్న డాష్‌బోర్డు లాంటిది అయితే సైప్రెస్ హాయిగా ఉంటుంది. కొత్తగా మొదలుపెడుతున్నారు, పేమెంట్లున్నాయి, కస్టమర్, అడ్మిన్ ఇద్దరూ ఉన్నారంటే నా సలహా ప్లేరైట్.

ఉద్యోగం కోసం నేర్చుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగేది వేరు. పాత ప్రాజెక్టులు నడిపే కంపెనీలు సెలీనియం అడుగుతాయి, కొత్తవి ప్లేరైట్ అడుగుతాయి. ఏదో ఒకటి లోతుగా నేర్చుకుంటే రెండోది అందుకోవడానికి కొన్ని వారాలు చాలు. కానీ హెచ్‌టీఎంఎల్ చదవడం, బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి సర్వర్ ఏం పంపిందో చూడటం, ఒక భాషలో సొంతంగా నలభై లైన్లు రాయగలగడం, ఈ మూడూ లేకుండా టూల్ కోర్సుకి ఫీజు కట్టకండి.

ఆ పూతరేకుల సైటుకి చివరికి ఏం చేశామంటే, అప్పటికున్న 64 టెస్టుల్లో ఎవరూ నమ్మనివి తీసేసి 11 ఉంచాం. వాటిని చూసే అమ్మాయికి పైథాన్ బాగా వచ్చు, అందుకని పైథాన్‌లోనే ప్లేరైట్‌తో తిరగరాసింది. ఫోర్స్ అన్న మాట కోడ్‌లో కనిపిస్తే ఇంకొకరు చూసి ఒప్పుకునేదాకా అది లోపలికి రాదు. ఇంకా ప్రతి శుక్రవారం ఆ వ్యాపారి తన కౌంటర్లో ఉన్న పాత ఫోన్‌తో పావుకిలో కాజాలు తనే ఆర్డర్ పెట్టి, స్క్రీన్‌షాట్ మాకు పంపుతారు.